‘ది సీక్రెట్ గార్డెన్’ని కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు విసిరికొడతారు. పదేళ్ల పాపకు ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు చిన్నప్పుడు ఇష్టంగా చదివిన ‘ది సీక్రెట్ గార్డెన్’ని మీ పదేళ్ల పాపకు కొనిచ్చారు. తను నాలుగో చాప్టర్ దగ్గర ఆపేసి, ‘అమ్మా, ఈ పిల్ల మనల్ని తిడుతోంది’ అంటూ పుస్తకం తెచ్చి మీ చేతిలో పెట్టింది. మీకేమో ఆ సంగతే గుర్తులేదు. రివ్యూలు తెరిచి చూస్తే సగం మంది ప్రాణం పెట్టేశారు, సగం మంది జాత్యహంకారం అన్నారు, మధ్యలో కొందరు ‘బోర్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరి మాట నమ్మాలి, పాప చేత చదివించాలా వద్దా అని అడిగారు.

చదివించండి. ఆ నాలుగో చాప్టర్ మాత్రం పాపను ఒంటరిగా చదవమనకండి, పక్కన కూర్చోండి. ఎవరి మాట నమ్మాలి అంటారా, ముగ్గురూ ఉన్నదే చెప్పారు. ఏ వయసులో చదివారు, ఎక్కడ మనసు పడింది, ఎక్కడ ముల్లు గుచ్చుకుంది అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరి చేతిలో ఇది ఒక్కో పుస్తకం అయిపోతుంది. ఈ పుస్తకం విషయంలో అది మరీ ఎక్కువ. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

నేను విజయవాడలో ఇంగ్లీషు టీచర్‌గా చేశాను. ఉద్యోగంలో ఉండగానే ఆదివారాలు మా ఇంటి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి పుస్తకాలు పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను, అది ఇప్పటికీ నడుస్తోంది. ఈ పుస్తకాన్ని ఇప్పటికి ఏడు బ్యాచ్‌లతో చదివాను. రెండు బ్యాచ్‌లు మధ్యలోనే వదిలేశాయి. ఒక బ్యాచ్ అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదవమంది. అన్నిసార్లూ పుస్తకం అదే, చదివింది నేనే.

చదవని వాళ్ల కోసం కథ నాలుగు మాటల్లో. రచయిత్రి ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్. పుస్తకంగా వచ్చింది 1911లో. మేరీ లెనక్స్ ఇండియాలో పుట్టిన ఇంగ్లీషు పిల్ల. తల్లికి పార్టీలు, తండ్రికి ఉద్యోగం, పిల్లను ఆయాకు వదిలేశారు. కలరా వచ్చి తల్లీ తండ్రీ ఆయా అందరూ పోతారు. పిల్లను ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కి, మేనత్త భర్త అయిన క్రేవెన్ గారింటికి పంపేస్తారు. మేనత్త ఎప్పుడో చనిపోయింది. దాదాపు వంద గదుల పాత భవంతి, చుట్టూ చెట్టూ చేమా లేని బీడు నేల, దాన్ని అక్కడ మూర్ అంటారు. మేనత్తకు ప్రాణమైన తోటకు పదేళ్ల కిందట తాళం వేసి, తాళంచెవి పాతిపెట్టేశారు. మేరీకి ఆ తాళంచెవి దొరుకుతుంది. ఆ ఇంట్లోనే రాత్రిళ్లు ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ ఏడ్చేది కాలిన్, క్రేవెన్ గారి కొడుకు. గూని వస్తుందేమో, చచ్చిపోతానేమో అని మంచం దిగని పదేళ్ల కుర్రాడు. ఇక తోట బాగుపడుతుంది, పిల్లలూ బాగుపడతారు.

(మా వరండాలో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లెక్క కట్టి ‘టీచర్, అయితే కాలిన్ మేరీకి బావ అవుతాడు కదా!’ అంటారు. ఇక ఆ రోజుకి చదువు అయిపోయినట్టే.)

ఇందులో మొత్తం 27 చాప్టర్లు. కాలిన్ మనకు కనిపించేది 13వ చాప్టర్‌లో, అంటే సరిగ్గా సగం దగ్గర. మొదటి సగం మేరీ పుస్తకం, రెండో సగం కాలిన్ పుస్తకం. మొదటి సగంలో గుట్టు ఉంది: తాళంచెవి, ఏడుపు చప్పుడు, మూసిన గదులు. రెండో సగంలో ఉపన్యాసం ఉంది: మంచి గాలి, మంచి ఆలోచన, ‘మ్యాజిక్’. మొదటి సగానికి పడిపోయినవాళ్లు అయిదు స్టార్లు ఇస్తారు. రెండో సగం దాకా ఓపిక లేనివాళ్లు బోర్ అంటారు. పెద్దయ్యాక మళ్లీ తెరిచినవాళ్లు మొదటి చాప్టర్ దగ్గరే గతుక్కుమంటారు. ఇది మొదట 1910, 1911లలో ‘ది అమెరికన్ మ్యాగజైన్’ అనే పెద్దవాళ్ల పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అంటే మొదటి రోజు నుంచే దీనికి రెండు రకాల పాఠకులున్నారు. బర్నెట్ బతికున్న రోజుల్లో ఆమె పేరు చెప్తే జనానికి గుర్తొచ్చింది ‘లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్’. ఈ తోట పుస్తకం ఆమె పోయాకే మెల్లగా పైకొచ్చింది.

ముందు ‘బోర్’ సంగతి చూద్దాం, అది తేలిక.

బోర్ అన్న పిల్లల్ని ఎక్కడ ఆపేశావని అడిగితే నూటికి తొంభై మంది చెప్పేది మార్తా మాటలు మొదలైన చోటే. మార్తా ఆ ఇంట్లో పనిపిల్ల. ఆమె, ఆమె తమ్ముడు డికన్, తోటమాలి బెన్ వెదర్‌స్టాఫ్ అందరూ యార్క్‌షైర్ యాసలో మాట్లాడతారు. స్కూలు ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లకు ఆ పేజీ ఎలా ఉంటుందంటే, పాఠ్యపుస్తకం తెలుగు తప్ప ఇంకోటి వినని పిల్ల చేతిలో చిక్కటి శ్రీకాకుళం యాస పెట్టినట్టు ఉంటుంది. కళ్లతో చదివితే రాయి. చెవికి వినిపిస్తే కరుగుతుంది. అందుకే ఆ భాగాలు పైకి చదవమంటాను. ఉచ్చారణ మీకు రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రాదు. గొంతు మారిస్తే చాలు.

అదే యాసలో ఒక మాట ఉంది, ‘విక్’. ప్రాణం ఉన్నది అని అర్థం. 10వ చాప్టర్ చివర మేరీ డికన్‌ని తోటలోకి తీసుకెళ్తుంది. గులాబీ కొమ్మలన్నీ ఎండు పుల్లల్లా వేలాడుతుంటాయి. ఇవన్నీ చచ్చిపోయాయా అని ఆ పిల్ల భయం. డికన్ చాకు తీసి ఒక కొమ్మను కోసి చూపిస్తాడు, లోపల ఆకుపచ్చగా తడిగా ఉంటుంది. నీకూ నాకూ ఎంత ప్రాణం ఉందో దీనికీ అంతే ఉంది అంటాడు. ఇది చదివిన రోజు మా బ్యాచ్‌లో నూజివీడు నుంచి వచ్చిన ఒక పిల్లాడు, వాళ్లకు మామిడి తోట ఉంది, లేచి నిలబడి ‘మా తాత గోరుతో గీకి చూస్తాడు టీచర్, పచ్చి ఉంది, చిగురేస్తుంది అంటాడు’ అన్నాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు. ‘విక్’ అంటే ‘పచ్చి ఉంది’ అని ఆ రోజు మా అందరికీ తేలిపోయింది. ఆ తర్వాత ఆ బ్యాచ్‌లో ఎవరికీ యాస అడ్డం రాలేదు.

పిల్లలు ఈ పుస్తకాన్ని ఎందుకు ప్రేమిస్తారో చెప్పడానికి ఇంకో చోటు చూపిస్తాను. మొదటి చాప్టర్‌లో, ఇంట్లో కలరాతో అల్లకల్లోలం అవుతుంటే, మేరీ వరండా పక్కన చెట్టు కింద ఒంటరిగా కూర్చుని ఆడుకుంటుంది. చిన్న చిన్న మట్టి కుప్పలు చేసి వాటిలో ఎర్రటి మందార పువ్వులు గుచ్చుతుంది. తోట వేస్తున్నట్టు. ఆ లైను చదవగానే ముందు వరసలోని తొమ్మిదేళ్ల పిల్ల ‘అయ్యో, పువ్వు కాదు, కొమ్మ గుచ్చాలి’ అంది. అంతే. చుట్టూ ఉన్నవాళ్లు ‘అవును కదా’ అన్నారు. ఆ మేరీకి ఎవరూ ఏమీ నేర్పలేదు, చుట్టూ ఇంతమంది పనివాళ్లున్నా తనతో ఒక్కరూ ఆడలేదు అన్న సంగతి నేను వివరించాల్సిన పనే లేకపోయింది. మందారం కొమ్మ బతుకుతుంది, పువ్వు బతకదు అని మన పిల్లలకు పెరట్లోనే తెలుసు. ఇంగ్లండ్ పిల్లలు ఆ లైనును ఎలా చదువుతారో కానీ, మన పిల్లలకు అది తగలాల్సిన చోటే తగులుతుంది.

మేరీ మంచి పిల్ల కాకపోవడం కూడా వాళ్లకు నచ్చుతుంది. బర్నెట్ ముందు పుస్తకాల్లో పిల్లలు దేవతల్లా ఉంటారు. మేరీది మాత్రం మొదటి వాక్యంలోనే చూడబుద్ధి కాని ముఖం అని రాసేసింది. తోటమాలి బెన్ అయితే మేరీ మొహం మీదే, నువ్వూ నేనూ ఒకే తానులో ముక్కలం, ఇద్దరికీ అందం లేదు, ఇద్దరిదీ చిరచిరలాడే బుద్ధే అనేస్తాడు. ఎప్పుడూ ‘గుడ్ గర్ల్’గా ఉండమనే ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకు ఇది ఎంత హాయిగా ఉంటుందో వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మీ పాప ఆగిపోయిన చోటుకు వద్దాం.

నేనీ పుస్తకాన్ని పన్నెండేళ్లప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాను. మీలాగే నాకూ గుర్తున్నవి తాళంచెవి, దాన్ని చూపించిన పిట్ట, ఐవీ తీగల వెనక తలుపు, అంతే. ముప్ఫై దాటాక మొదటి బ్యాచ్‌కి పైకి చదువుతూ నాలుగో చాప్టర్‌కి వచ్చాను. మేరీ యార్క్‌షైర్ ఇంట్లో నిద్రలేచిన మొదటి ఉదయం. మార్తా అమాయకంగా, నువ్వు ఇండియా నుంచి వస్తున్నావంటే నల్ల పిల్లవేమో అనుకున్నాను అంటుంది. మేరీ మండిపడి, నన్ను నేటివ్ అనుకున్నావా, పంది కూతురా, నేటివ్‌లు మనుషులే కాదు, మాకు సలాం కొట్టాల్సిన నౌకర్లు అని అరుస్తుంది. ఎదురుగా పద్నాలుగు మంది పిల్లలు. నా గొంతు ఆగింది. ఏం చేశానో చెప్తే మీరు నవ్వుతారు. రెండు లైన్లు దాటేసి కిందకి దిగిపోయాను. చేతిలో తన సొంత కాపీ పట్టుకున్న ఒక పిల్ల వెంటనే ‘టీచర్, మధ్యలో వదిలేశారు’ అంది. ఆ పిల్లే లేచి ఆ రెండు లైన్లూ స్పష్టంగా చదివింది. సిగ్గుతో చచ్చాను. ఆ తర్వాత ఏ బ్యాచ్‌కీ ఆ లైన్లు దాటెయ్యలేదు.

ఇక్కడ రెండు విషయాలు కలిపేయకండి: పాత్ర అనే మాట వేరు, పుస్తకం అనే మాట వేరు. రివ్యూల్లో గొడవంతా ఈ రెండూ కలిసిపోవడం వల్లే.

మేరీ తిట్టింది మేరీ తిట్టే. ఆ మాటలు అన్నాక అదే పేజీలో తను ఒంటరిదాన్నని గుర్తొచ్చి మంచం మీద పడి వెక్కి వెక్కి ఏడుస్తుంది. అలా మాట్లాడే పిల్లను రచయిత్రి మెచ్చుకోవడం లేదు. మార్తాని అయితే నవ్వుకోవడానికే రాసినట్టుంటుంది. ఎనిమిదో చాప్టర్‌లో మార్తా వాళ్లమ్మ మేరీకి తాడాట తాడు కొని పంపుతుంది. మేరీకి అదేంటో తెలీదు. మార్తా ఆశ్చర్యపోయి, ఏనుగులూ పులులూ ఒంటెలూ ఉన్న ఇండియాలో తాడాట తాడు లేదా, మరి అక్కడోళ్లు నల్లగా ఉన్నారంటే ఉండరా అంటుంది. మా పిల్లలు పడి పడి నవ్వారు. రోజూ స్కూల్లో తాడాట ఆడేవాళ్లకు ఆ లాజిక్ ఎలా ఉంటుంది చెప్పండి! (పంది అన్న తిట్టు కూడా మనవాళ్లకు అంత ఎక్కదు. మన ఇళ్లలో అమ్మలు ముద్దుగానే ‘ఓసి పందీ, లేవవే’ అంటారు.)

అంతటితో పుస్తకం నిర్దోషి అయిపోదు. మేరీ తిట్టడం కన్నా నాకు గుచ్చుకునేది మొదటి పేజీలో రచయిత్రి సొంత గొంతుతో అన్న మాట: ఇండియాలో పుట్టి ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో ఉండటం వల్ల మేరీ ముఖం పసుపు పచ్చగా ఉందని. ఆ మాట మేరీది కాదు, మార్తాది కాదు. అక్కణ్ణుంచి చివరి దాకా ఇండియా అంటే ఎండ, జబ్బు, బద్ధకం, సలాములు. యార్క్‌షైర్ అంటే గాలి, ఆకలి, ఆరోగ్యం. కాలిన్ పొగరుగా ఆర్డర్లు వేస్తే మేరీకి గుర్తొచ్చేది ఇండియాలో చూసిన, ఒళ్లంతా వజ్రాలూ పచ్చలూ పెట్టుకున్న కుర్ర రాజా. తర్వాత కథలో కాలిన్ విసుక్కున్నప్పుడల్లా ‘రాజా’ మాట వస్తూనే ఉంటుంది. చెడ్డ అలవాటు అంతా తూర్పు నుంచి వచ్చిందే అన్నట్టు. దీన్ని పుస్తకంలో ఏ పాత్రా కాదనదు. జాత్యహంకారం అన్న రివ్యూయర్లు దీన్ని పట్టుకుంటే వాళ్లు రైటే. మేరీ తిట్టును మాత్రం పట్టుకుని ఆగిపోతే సగమే చూశారు.

వాళ్లూ వీళ్లూ ఇద్దరూ చూడని ఒక చోటు ఉంది. 13వ చాప్టర్. మేరీ అర్ధరాత్రి ఏడుపు చప్పుడు వెతుక్కుంటూ వెళ్లి కాలిన్‌ని చూస్తుంది. వాడికి నిద్ర పట్టదు. అప్పుడు మేరీ, ఇండియాలో మా ఆయా చేసినట్టు చేస్తాను అని, వాడి చేతి మీద తడుతూ, నిమురుతూ, చిన్న గొంతుతో హిందుస్తానీ పాట పాడుతుంది. వాడు నిద్రపోతాడు. బర్నెట్ ఇంగ్లీషులో దీనికి మూడు నాలుగు క్రియలు వాడాల్సొచ్చింది. మనకు ఒక్క మాట చాలు, జోకొట్టడం. మొదటి చాప్టర్‌లో మేరీ పంది అని తిట్టుకున్న ఆ ఆయా ఈ పిల్లను రోజూ జోకొట్టి పడుకోబెట్టింది. ఇండియా నుంచి మేరీ వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క మంచి వస్తువు ఆ పాట. అది ఆయాదే. ఆ ఆయా పేరు పుస్తకంలో ఎక్కడో ఒక్కసారి తప్ప కనిపించదు. మొదటి చాప్టర్‌లో చనిపోతే ఆమె కోసం మేరీ ఏడవదు కూడా.

ఇది నేను కనిపెట్టింది కాదు. మందారం కొమ్మ గుచ్చాలి అన్న ఆ తొమ్మిదేళ్ల పిల్ల, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా సెలవులకొచ్చి మా ఇంటికి వచ్చింది. షెల్ఫులోంచి పాత కాపీ తీసి తిరగేస్తూ ‘టీచర్, ఆయా పేరేంటి?’ అంది. మొదటి చాప్టర్‌లో ఒక్కచోట సైదీ అని ఉంది, ఆ తర్వాత ఇంకెక్కడైనా ఉందేమోనని నేను కూడా వెతికాను. లేదు. ఆ పిల్లకు తొమ్మిదేళ్లప్పుడు పువ్వు కనిపించింది, పందొమ్మిదేళ్లకి ఆయా కనిపించింది. ఆమె ఈ పుస్తకానికి ఎన్ని స్టార్లు ఇవ్వాలి? అప్పుడు అయిదు ఇచ్చేది. ఇప్పుడు అడిగితే ‘ఇష్టమే, కానీ కోపం’ అంది.

రివ్యూల్లో తక్కువగా కనిపించే ఇంకో గొడవ కాలిన్ నడక. మీ పాపకు ఈ సమస్య లేకపోవచ్చు, కానీ ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. కాలిన్‌కి నిజంగా జబ్బేమీ లేదు. గడ్డ ఉంది గడ్డ ఉంది అని వాడు అరుస్తుంటే, మేరీ అంతకన్నా గట్టిగా అరిచి, వీపు తడిమి, గుండుసూది తలంత గడ్డ కూడా లేదు పొమ్మంటుంది. (ఈ 17వ చాప్టర్‌ని పిల్లల చేత నాటకం వేయించండి. గొంతులు పోతాయి, కానీ అంత సరదా ఇంకెక్కడా రాదు.) ఆ తర్వాత వాడు తోటలో కూర్చుని, నేను బాగుపడతాను అని మంత్రంలా అనుకుంటూ, రోజూ కాస్త కాస్త నడుస్తూ, చివరికి పరుగెత్తుతాడు. బర్నెట్‌కి క్రిశ్చియన్ సైన్స్ లాంటి ఆలోచనల మీద గురి ఉండేది, మనసుతో ఒంటిని బాగుచేసుకోవచ్చు అన్న తరహావి. ఆమె పెద్ద కొడుకు లయొనెల్ 1890లో పదహారేళ్ల వయసులో క్షయతో పోయాడు. అది తెలిసి చదివితే, జబ్బు కుర్రాడిని పరుగెత్తించిన చివరి చాప్టర్ ఎవరికైనా గొంతు పట్టేస్తుంది.

కానీ మా నాలుగో బ్యాచ్‌లో వాకర్‌తో నడిచే ఒక బాబు ఉన్నాడు. పుట్టుకతోనే కాళ్లలో పట్టు లేదు. కాలిన్ లేచి నిలబడ్డ చాప్టర్ అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. వాడు కొట్టలేదు. వెళ్లేటప్పుడు మెల్లగా ‘అంటే నేను గట్టిగా అనుకోవట్లేదా టీచర్?’ అన్నాడు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. కాలిన్‌కి జబ్బు లేదు నాన్నా, భయం ఉంది, నీకు భయం లేదు, నీ కాళ్ల సంగతి వేరు అని ఏదో చెప్పాను. మరుసటి వారం వాడు వచ్చాడు, అదే నాకు ఊరట. ఇంట్లో గానీ క్లాసులో గానీ అలాంటి పిల్లలుంటే 20వ చాప్టర్‌కి ముందే ఈ మాట చెప్పండి, తర్వాత కాదు. ఈ పుస్తకం గురించి నాకు తెలిసిన పెద్ద హెచ్చరిక ఇదే. నాలుగో చాప్టర్ కన్నా పెద్దది.

ముగింపు మీద ఆడపిల్లల కోపం ఇంకొకటి. తోట కనిపెట్టింది మేరీ, కాలిన్‌ని మంచం దింపింది మేరీ, చివరి చాప్టర్‌లో మాత్రం ఆమెకు మాటే లేదు. తండ్రి తిరిగొస్తాడు, కొడుకు పరుగెత్తుతూ వచ్చి గుద్దుకుంటాడు, ఇంటి నౌకర్లు నోళ్లు వెళ్లబెట్టి చూస్తారు, పుస్తకం కాలిన్ పేరుతోనే ముగుస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ‘మరి మేరీ?’ అన్నవాళ్లున్నారు. వాళ్లతో చివరి పేజీ మళ్లీ రాయిస్తాను. ఎక్కువ మంది రాసేది ఏంటంటే, క్రేవెన్ గారు తాళంచెవి మేరీ చేతికి ఇస్తారు.

డికన్ కుటుంబం గురించి పెద్దగా చెప్పను, ఒక్క మాట. పన్నెండు మంది పిల్లలు, వారానికి పదహారు షిల్లింగులు, ఆ తల్లి వంద గదుల ఇంట్లోని పిల్లలకు పాలూ రొట్టెలూ పంపుతుంది. పేదవాళ్లు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారన్న ఆ బొమ్మ నాకు నచ్చదు. కానీ మేరీ, కాలిన్ కాస్త ఆలస్యంగానైనా ఆ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో లెక్క చూసుకుని తమ షిల్లింగులు పంపుతారు. ఆ చోట పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఇక రివ్యూలు చదవడం ఎలా? నేను స్టార్లు చూడను. రాసినాయన లేదా రాసినావిడ ఏ వయసులో చదివారు, ఎక్కడ ఆపేశారు అని వెతుకుతాను. ‘నా బాల్యం’ అని మొదలుపెడితే అది జ్ఞాపకానికి ఇచ్చిన మార్కు, మళ్లీ తెరిచి చూసి ఉండరు. ‘నలభై పేజీలు చదివాను’ అంటే యాస దగ్గర ఆగారు. ‘నా కూతురికి చదువుతూ’ అంటే ఆగి చదువుతాను, ఎందుకంటే వాళ్లు రెండు వయసుల్లోనూ చదివారు. అలాంటివాళ్ల రివ్యూల్లో సాధారణంగా మూడు స్టార్లుంటాయి, పేరాలు మాత్రం పొడుగ్గా ఉంటాయి. పనికొచ్చేవి అవే.

ఏ కాపీ కొనాలి అని మీరు అడగలేదు కానీ చెప్తాను. పిల్లల కోసం కుదించిన ఎడిషన్లు చాలా ఉన్నాయి. వాటిలో నాలుగో చాప్టర్ గొడవ తీసేసి ఉండటం చూశాను. మీ పాప చేతిలో ఉన్నది పూర్తి పుస్తకం కాబట్టే ఆగింది. కుదించినవాటిలో తిట్టుతో పాటు ఆయా పాట కూడా ఎగిరిపోతుంటుంది, అందుకే నాకవి ఇష్టం ఉండవు. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, నెట్‌లో పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది, కాపీ లేనివాళ్లు అక్కడ చదువుకోవచ్చు. సినిమాలు పుస్తకం తర్వాతే చూపించండి. 1993 సినిమాలో కలరా బదులు భూకంపం పెట్టారు. 2020లో వచ్చినదాన్ని ఏకంగా 1947కి, దేశ విభజన రోజుల్లోకి మార్చేశారు. సినిమా తీసినవాళ్లకు కూడా ఆ ఇండియా భాగంతో ఏం చేయాలో తెలియక తలో దారి పట్టారని నాకనిపిస్తుంది.

మీ పాప సంగతికి వస్తే, ‘మనల్ని తిడుతోంది’ అన్నందుకు ముందు భేష్ అనండి. మీరూ నేనూ ఆ వయసులో అది చూడలేదు. ‘ఆ రోజుల్లో అలాగే ఉండేది’ అని మాత్రం సర్దిచెప్పకండి, పిల్లలకు ఆ జవాబు అబద్ధంలా వినిపిస్తుంది. చేతికి ఒక పెన్సిల్ ఇచ్చి, ఎక్కడ కోపం వస్తే అక్కడ మార్జిన్‌లో గీత గీయమనండి. పుస్తకం మీదే రాయొచ్చా అని ఆశ్చర్యపోతుంది, రాయొచ్చని చెప్పండి. నాలుగు నుంచి ఎనిమిది చాప్టర్ల దాకా రోజుకొకటి మీరే పైకి చదవండి. తాళంచెవి దొరికాక ఇక మీ అవసరం ఉండదు, మిమ్మల్ని పక్కకు నెట్టి తనే చదువుకుంటుంది. అప్పటికీ నచ్చకపోతే మూసి షెల్ఫులో పెట్టండి, బలవంతం వద్దు. నా దగ్గర వదిలేసిన రెండు బ్యాచ్‌ల పిల్లలూ బాగానే ఉన్నారు.

పదమూడో చాప్టర్ మాత్రం, వీలైతే, రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ మీరే చదవండి. మేరీ జోకొడుతూ పాట పాడే చోట ఆగి ఏమీ వివరించకండి. ఈ పాట మేరీకి ఎవరు నేర్పారని పాప అడిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. అడక్కపోతే లైటు తీసేయండి, ఆ ప్రశ్నకు ఇంకో పదేళ్లు టైముంది.